వైద్యశాల నుండి వాకిలి వరకు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పారు. అయితే ఆ భాగ్యం అందరికీ సమానంగా అందుతున్నదా? ఒకే ఆసుపత్రికి కూతవేటు దూరంలో రెండు ఇండ్లు ఉంటాయి. ఒక ఇంటి బిడ్డకు టీకాలన్నీ సకాలంలో పడతాయి; మరొక ఇంటి బిడ్డకు పడవు. ఈ భేదానికి కారణమేమో, నివారణోపాయమేమో ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఆసుపత్రి ఉండటం వేరు, అది అందటం వేరు. దినకూలి చేసుకొనే తల్లి ఒక పూట వరుసలో నిలబడితే ఆనాటి కూలి పోతుంది. మందు ఉచితమే కావచ్చును, రిక్షా కిరాయి ఉచితం కాదు. చీటీలో వ్రాసినది ఉర్దూ మాత్రమే ఎరిగిన ఆమెకు బోధపడదు. ఒకసారి కసురుకొన్న చోటికి ఆమె మరల పోదు. కాలం, ధనం, భాష, గౌరవం అనే ఈ నాలుగు గోడలను దాటి వైద్యమే వాకిటికి రావాలి.

ఇట్టి ప్రయత్నానికి జామ్‌ఖేడ్ ఒక ఉదాహరణ. మహారాష్ట్రలోని ఈ కరవు ప్రాంతంలో 1970లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు సేవ ప్రారంభించారు. గ్రామస్థులు ఎన్నుకొన్న స్త్రీలకే వారు శిక్షణ ఇచ్చారు. వారిలో పలువురు అక్షరం రానివారు, దళిత కుటుంబాలవారు. గర్భిణులను చూడటం, బిడ్డలను తూచటం, విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన నీరు త్రాగించటం వారు నేర్చుకొన్నారు. 1979లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

రెండవ ఉదాహరణ పోలియో నిర్మూలనం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని పేద ముస్లిం బస్తీలలో, చుక్కల మందు వలన సంతానం కలుగదనే వదంతి వ్యాపించింది. అధికారుల ఆజ్ఞ వలన అది తొలగలేదు. అదే వీధి స్త్రీలు ఇంటింటికీ తిరిగారు. ఇమాములు మసీదుల నుండి ప్రకటించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వంటి విద్యాసంస్థలు తోడ్పడినాయి. మురుగు పొంగే వీధిలో చుక్కల మందు ఒక్కటే చాలదని కూడా అనుభవం నేర్పింది. అందుచేత 2009 నుండి ఉత్తరప్రదేశ్, బీహారులలోని 107 బ్లాకులలో పారిశుద్ధ్యం, చేతుల శుభ్రత, విరేచనాల చికిత్స కూడా చేర్చారు. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014లో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరింపబడింది.

ఈ రెండింటి సారం ఒక్కటే: ఎరిగిన మనిషి చెప్పిన మాటనే జనం నమ్ముతారు. హైదరాబాదులో 2018లో బస్తీ దవాఖానాలు ప్రారంభమైనాయి. వైద్యుడు బస్తీకి దగ్గరైనాడు. ఇక ఆ గడపకూ ఈ గడపకూ నడుమ మిగిలిన కొద్ది అడుగులు మనవి.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినబడతాయి. ఈ రెండు భాషలు మనకు పరీక్షాంశాలు మాత్రమే కారాదు. ఒక తల్లికి చీటీ చదివి చెప్పటం, టీకా తేదీ గుర్తుచేయటం, క్షయరోగికి మందు మధ్యలో మానవద్దని నచ్చచెప్పటం మనకు సాధ్యమే. మనం వైద్యులము కాము. చికిత్స చెప్పరాదు, దారి చూపాలి. ఏడాదికి ఒకనాడు ఊరేగింపు జరిపి ఛాయాచిత్రం తీయించుకొనుట సేవ కాదు. వారం వారం అదే వీధికి పోవటమే సేవ. జాతీయ సేవా పథకం క్రింద ఒక బస్తీని ఎన్నుకొని, ఇందుకు నియతమైన వేళను కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయంగా కోరుచున్నాము.