ఇక నీ జబ్బు సంగతి నువ్వే చెప్పాలి

పటాన్‌చెరు

అల్లుడూ,

పద్దెనిమిది నిండుతున్నాయి కదా, నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఇక పెద్దల ఆసుపత్రికి వెళ్లమన్నారని మీ అమ్మకు ఒకటే దిగులు. ఉస్మానియాలోనూ గాంధీలోనూ జీర్ణకోశ వ్యాధుల విభాగాలున్నాయి. 1932లో న్యూయార్క్ డాక్టర్లు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ నీకున్న ఈ క్రోన్స్ జబ్బు గురించి రాసినప్పుడే ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకు వస్తుందన్నారు. కాబట్టి ఆ రెండు ఆసుపత్రుల డాక్టర్లకు జబ్బు తెలుసు, నువ్వే తెలియదు.

నీ సంగతంతా ఇన్నాళ్లూ మీ అమ్మే చెప్పింది. విరేచనాలు ఎన్నిసార్లని నిన్నడిగితే ఆమె జవాబిస్తుంది, నువ్వు చెప్పుల వంక చూస్తూ కూర్చుంటావు. రక్తం పడిన సంగతి ఆమెకూ ఆలస్యంగా చెప్పావట. ఈసారి ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నువ్వొక్కడివే లోపలికి వెళ్లు. చివర్లో పిలుచుకో.

ఫైలు జాగ్రత్త. మొదటి కొలనోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు పైన ఉండాలి. పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. అందుకే నీకు ముందు టీబీ మందులు వాడారు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, తగ్గిందా లేదా రాసి లేకపోతే కొత్త డాక్టరు మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. కొన్ని కాగితాల మీద అక్షరాలు అప్పుడే వెలిసిపోతున్నాయి, జిరాక్స్ తీయించు.

నువ్వు వేసుకునే అజాథయోప్రిన్ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో నోటికి రావాలి. దాంతో తెల్లకణాలు తగ్గొచ్చు, కాలేయం మీదా ప్రభావం ఉండొచ్చు, అందుకే నీకు రక్తపరీక్షలు చేస్తారు. ఒంట్లో బాగుందని మాత్ర మానేసేది నీ వయసువాళ్లే. ఇన్నేళ్లు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో మందులిచ్చినవాణ్ణి, చూస్తూ వచ్చాను. స్టెరాయిడ్ రాస్తే మాత్రం నీ అంతట నువ్వు అసలే ఆపొద్దు.

రేపు పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనికి కుదిరితే, నైట్ షిఫ్టులో నడుం నొప్పని ఎవరో డైక్లోఫెనాక్ చేతిలో పెడతారు. వేసుకోకు, జబ్బు తిరగబెట్టొచ్చు. టీ బండి దగ్గర సిగరెట్టూ వద్దు, క్రోన్స్‌కు అది మరీ చేటు. ఇక వైద్యం ఖర్చు సంగతి. మీ నాన్న ఈఎస్‌ఐ కార్డు మీద చదువుకునే కొడుక్కి 21 ఏళ్ల వరకే వైద్యం. ఉద్యోగంలో నెల జీతం 21,000 లోపుంటే నీ పేరు మీదే కార్డు వస్తుంది. చేరిన రోజే ఆ నంబరు అడుగు.

ఆదివారం ఫైలు తీసుకుని రా. మొత్తం ఒక పేజీలోకి ఎక్కిద్దాం. నువ్వు రాయి, మందుల పేర్లలో తప్పులుంటే నేను దిద్దుతాను.

మీ మామ