పాఠం 14
ఇంటికి రెండో సోలార్ సెట్టు: శ్రేణి, సమాంతర సంధానాల వినియోగం

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంటి అవసరానికి ఇంకా ఎంత సౌరవిద్యుత్తు కావాలో లెక్కకట్టగలుగుతారు.
• పాత, కొత్త సోలార్ ప్యానెళ్లను ఒకే వరుసలో కలిపితే నష్టం ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు.
• రెండో సెట్టు పెట్టించే ముందు అడగవలసిన ప్రశ్నలు చెప్పగలుగుతారు.

14.2 పరిచయం

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ బండ్లే జీవనాధారం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే మొదలైనప్పుడు దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే ఏర్పడింది. రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటి పెద్ద రైల్వేలో పనిచేసి, పదవీ విరమణ డబ్బుతో సొంత ఇల్లు కట్టుకున్నారు. కొన్నేళ్ల కిందట డాబా మీద 335 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టించారు. అప్పుడు ఇంట్లో ఇద్దరే. ఇప్పుడు కొడుకు, కోడలు, పిల్లలు వచ్చి చేరారు. ఏసీ వచ్చింది, బ్యాటరీ స్కూటరు వచ్చింది. కరెంటు బిల్లు మళ్లీ పెరిగింది. దుకాణదారు వచ్చి చూసి, "540 వాట్లవి మూడు తెచ్చి పాతవాటి చివర కలిపేస్తే సరిపోతుంది" అన్నాడు.

ఆయన చేతిలో మిగిలింది పదవీ విరమణ సొమ్ములో చివరి భాగం. దాన్ని ఖర్చు చేయాలా? చేస్తే దేనికి చేయాలి? ఆయన పక్కన కూర్చుని మనమూ లెక్క చూద్దాం.

14.3 మొదటి పని: ఉన్నది సరిగా పనిచేస్తోందా?

కొత్తది కొనేముందు పాత సెట్టును పరీక్షించాలి. ఆరు ప్యానెళ్ల సామర్థ్యం 6 × 335 = 2010 వాట్లు, అంటే సుమారు 2 కిలోవాట్లు. మన దేశంలో 1 కిలోవాట్ సెట్టు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుందని స్థూలంగా లెక్కవేస్తారు. కాబట్టి ఈ సెట్టు రోజుకు 8, నెలకు 240 యూనిట్లు ఇవ్వాలి. వానాకాలంలో ఇది తగ్గుతుంది.

ఇన్వర్టర్ మీద కనిపించే అంకెను వారం రోజులు రాసి చూడండి. ఎండ బాగా కాసిన రోజుల్లోనూ 8 యూనిట్లకు బాగా తక్కువ వస్తుంటే కారణం వెతకండి. బొగ్గు బండ్లు తిరిగే ఊళ్లలో ప్యానెళ్ల మీద నల్లని దుమ్ము పేరుకుంటుంది. పక్కింటివారు కొత్తగా లేపిన మేడ నీడ పడవచ్చు. తెల్లవారుజామున, ప్యానెళ్లు చల్లగా ఉన్నప్పుడు, నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే కొన్ని యూనిట్లు పైసా ఖర్చు లేకుండా తిరిగి రావచ్చు.

14.4 రెండో పని: ఇంకా ఎంత కావాలి?

పాత సెట్టు నెలకు 240 యూనిట్లు ఇస్తోందని తేలిందనుకోండి. ఇంటి వాడకం నెలకు 370 యూనిట్లు.

కొరత = 370 – 240 = 130 యూనిట్లు
రోజుకు = 130 ÷ 30 = సుమారు 4.3 యూనిట్లు
కావలసిన సామర్థ్యం = 4.3 ÷ 4 = సుమారు 1.08 కిలోవాట్లు

540 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే 1080 వాట్లు. ఈ ఇంటికి రెండే చాలు. దుకాణదారు మూడు ఎందుకన్నాడు? జవాబు తరువాతి భాగంలో దొరుకుతుంది.

14.5 ఒకే వరుసలో కలిపితే?

వెనకటి పాఠంలో రెండు సంధానాలు నేర్చుకున్నారు. శ్రేణి సంధానంలో వోల్టేజీలు కలుస్తాయి. విద్యుత్ ప్రవాహం అన్నింటిలో ఒకటే ఉంటుంది. సమాంతర సంధానంలో ప్రవాహాలు కలుస్తాయి. వోల్టేజి ఒకటే ఉండాలి.

ప్రతి ప్యానెల్ వెనక ఒక చీటీ అంటించి ఉంటుంది. మన ఉదాహరణలో ఆ చీటీలు ఇలా ఉన్నాయనుకోండి:

పాత ప్యానెల్: 38 వోల్టులు, 8.8 ఆంపియర్లు, 335 వాట్లు
కొత్త ప్యానెల్: 41.5 వోల్టులు, 13 ఆంపియర్లు, 540 వాట్లు

వీటిని శ్రేణిలో కలిపితే ప్రవాహం ఎంత? సింగిల్ లైను మీద ముందు గూడ్సు బండి మెల్లగా పోతుంటే వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ కూడా ఆ వేగంతోనే పోవాలి. ఇక్కడా అంతే. పాత ప్యానెళ్లు 8.8 ఆంపియర్లకు మించి పంపలేవు. కొత్తవి కూడా దాదాపు అంతకే ఆగిపోతాయి.

అప్పుడు ఒక్కో కొత్త ప్యానెల్ ఇచ్చేది = 41.5 × 8.8 = సుమారు 365 వాట్లు
మూడు కలిపి = 3 × 365 = 1095 వాట్లు

ప్రవాహం తగ్గినప్పుడు వోల్టేజి కొద్దిగా పెరుగుతుంది కాబట్టి అసలు విలువ దీనికంటే కొంచెం ఎక్కువ రావచ్చు. అయినా ఫలితం ఒకటే: మూడింటికి డబ్బు కట్టి, ఇంచుమించు రెండింటి పని పొందుతారు.

మరి సమాంతరంగా కలిపితే? పాత వరుస వోల్టేజి 6 × 38 = 228. కొత్తవి రెండింటిదీ 83. వోల్టేజీలు సమానం కావు కాబట్టి అదీ కుదరదు.

14.6 సరైన మార్గం

ఎక్స్‌ప్రెస్‌కు వేరే లైను వేయాలి. దానికి రెండు పద్ధతులున్నాయి.

1. రెండు వేర్వేరు ప్రవేశాలున్న 3 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టడం. పాత వరుస ఒకదానికి, కొత్త వరుస రెండోదానికి కలుపుతారు. కొత్త వరుస 83 వోల్టులతో ఆ ఇన్వర్టర్ పనిచేయగలదో లేదో దాని పట్టికలో చూడాలి.

2. పాత ఇన్వర్టర్‌ను అలాగే ఉంచి, కొత్త ప్యానెళ్ల కిందనే చిన్న మైక్రో ఇన్వర్టర్ బిగించడం. ఇక్కడ రెండు సెట్లూ ఏసీ వైపు కలుస్తాయి.

ఏ పద్ధతి అయినా కొత్త ప్యానెళ్లను దక్షిణ ముఖంగా, సుమారు 22 డిగ్రీల వాలుతో పెట్టించండి. బిలాస్‌పూర్ అక్షాంశం దాదాపు అంతే. కొత్త చట్రానికి ఎర్తింగ్ తప్పక ఉండాలి.

14.7 కరెంటు పోయినప్పుడు

"ప్యానెళ్లు ఎక్కువైతే కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి" అని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. లైనుకు కలిపిన మామూలు ఇన్వర్టర్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు. స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుండగా మీ డాబా నుంచి కరెంటు ఎదురు వస్తే ఆయన ప్రాణం పోతుంది. కరెంటు పోయినప్పుడూ వాడుకోవాలంటే బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ విడిగా కావాలి.

ఈ కారణంగానే కొత్త సెట్టును ఎవరికీ చెప్పకుండా కలపకూడదు. విద్యుత్ పంపిణీ సంస్థ వద్ద మీ పేర 2 కిలోవాట్లే నమోదై ఉంది. అదనపు సామర్థ్యానికి దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాకే కలిపించండి. రైల్వే క్వార్టర్లలో ఉండేవారికి డాబా సొంతం కాదు కాబట్టి ఈ పాఠం లెక్కల వరకే ఉపయోగపడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం ప్రారంభించింది. అందులో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు, మొత్తం 78,000 రూపాయలకు మించకుండా సబ్సిడీ నిర్ణయించారు. పాత సెట్టుకు ఇదివరకే సబ్సిడీ తీసుకుని ఉంటే ఆ సంగతి దాచకండి. కొత్త భాగానికి ఎంత వస్తుందో, బయానా ఇవ్వకముందే కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

14.8 మీరు నేర్చుకున్న అంశాలు

• ముందు కడగండి, తరువాత కొలవండి, ఆ తరువాతే కొనండి.
• శ్రేణిలో తక్కువ ప్రవాహమిచ్చే ప్యానెల్ మిగతావాటిని ఆపుతుంది.
• పాత, కొత్త సెట్లకు వేర్వేరు దారి ఉండాలి.
• బ్యాటరీ లేని సెట్టు కరెంటు పోతే ఆగిపోతుంది.

14.9 మీ ప్రగతిని తెలుసుకోండి

1. ఒక ఇంటికి నెలకు 90 యూనిట్లు కొరత ఉంది. ఎన్ని వాట్ల ప్యానెళ్లు అదనంగా కావాలి?
2. 8 ఆంపియర్ల ప్యానెల్‌ను, 12 ఆంపియర్ల ప్యానెల్‌ను శ్రేణిలో కలిపితే ప్రవాహం సుమారు ఎంత?
3. మీ ఇంటి గత మూడు నెలల బిల్లులు తీసి, సగటు వాడకం రాయండి.

జవాబులు: 1. 90 ÷ 30 ÷ 4 = 0.75 కిలోవాట్, అంటే 750 వాట్లు. 2. సుమారు 8 ఆంపియర్లు. 3. మీ బిల్లులే జవాబు చెబుతాయి. ఆ కాగితం దాచుకోండి. దుకాణానికి వెళ్లే రోజు వెంట తీసుకువెళ్లండి.