సవరణకు ఆమోదముద్ర ఎవరిది?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మూలరచనను ఎవరైనను చదువవచ్చును. దోషము కనిపించినచో సవరణ వ్రాసి పంపవచ్చును. ఈ సవరణకే ప్యాచ్ అని పేరు. కాని సవరణను పంపు హక్కు వేరు, పరిశీలించి మూలములో చేర్చు అధికారము వేరు. మొదటిది అందరిది, రెండవది విశ్వాసము సంపాదించిన కొందరిది.

అధికారమునకు హద్దు ఉండవలెనన్న మాట అరకు సీమకు కొత్త కాదు. అనంతగిరి మండలమున బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత సంస్థ నడిపిన వ్యాజ్యములో, షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వ భూమినైనను గిరిజనేతరులకు లీజుకిచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దరఖాస్తు ఎవరైనను పెట్టవచ్చును. అనుమతించువాడు మాత్రము నియమమునకు లోబడవలెను.

హద్దు సడలినచో ఏమగునో 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతము తెలుపుచున్నది. లినక్సులో దత్తాంశమును కుదించు ఈ పనిముట్టును ఒక్క నిర్వాహకుడే అలసటతో మోయుచుండెను. జియా టాన్ అను పేరుతో గుర్తు తెలియని వ్యక్తి రెండేండ్లకు పైగా సాయపడి, ఆమోదాధికారము పొంది, దొంగదారిని చొప్పించెను. లాగిన్‌కు అర సెకను ఆలస్యమేల కలుగుచున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ శోధించినందున గుట్టు రట్టయ్యెను.

కావున తన సవరణను తానే ఆమోదించుకొనరాదు. ముఖ్యభాగములను ఇద్దరైనను చూడవలెను. పని మానినవారి అధికారమును ఉపసంహరింపవలెను. ఒకరిని విశ్వసించుట దోషము కాదు. భారమంతయు ఒక్కని భుజముపై మోపుటయే దోషము.