ఏ పొద్దు కల్లో చెప్పగలగాలి

చిరంజీవి అల్లుడికి కాళేశ్వరం నుంచి మామ దీవెనలు.

బీరు తయారీ నేర్చుకునే కొలువులో చేరావని తెలిసి సంతోషించాను. సైజాన్ బీరు రుచి చూస్తే పులుపో ఘాటో తేలలేదని రాశావు. అది బెల్జియంలో వలోనియా పల్లెల బీరు. చలికాలంలో చేసి దాచి, ఎండాకాలం పొలం కూలీలకు పోసేవాళ్లు. టూర్ప్ ఊరి డ్యూపాన్ వాళ్ల సైజాన్‌లో ఆల్కహాల్ 6.5 శాతం. సీసాలో పోశాక కూడా అది పులుస్తుంది. ఈస్టు చక్కెరను దాదాపు ఊడ్చేస్తుంది కాబట్టి చివర్లో తీపి మిగలదు. మిరియాల వాసన వచ్చిందంటే మిరియాలు వేశారనుకోకు, అదీ ఈస్టు పనే.

పొలం పనివాళ్ల దాహం తీర్చిన తాగుడు మనకూ ఉంది. ముందు కల్లు దగ్గర నాలుక దిద్దుకో. బీరు పులవడానికి వారాలు పడితే, కల్లు నీ కళ్ల ముందు ఒక్క పూటలోనే మారిపోతుంది.

మొదట తీపి తెలియాలి. చెట్టుకు కట్టే లొట్టి లోపల సున్నం పూస్తే గీసిన నీరు పులవదు, అదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు, అక్కడ తాగి ఆ తీపిని గుర్తుపెట్టుకో. సున్నం లేని లొట్టిలోనైతే చుక్క పడ్డప్పుడే పులుపు మొదలు. పాత లొట్టికి అంటుకున్న ఈస్టు, గాలిలోంచి, పురుగుల వెంట వచ్చే సూక్ష్మజీవులు చక్కెర మీద పడతాయి. కల్లు తెల్లగా, మబ్బుగా ఉండేది అందుకే.

పొద్దున చెట్టు దిగిన కల్లును తాటి రేకలో పోయించుకో. నురగ లేచి అణిగేదాకా చూడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టు. ఒక్క గుక్క నోట్లో తిప్పి మింగి, మూసిన నోటితో ముక్కులోంచి గాలి వదులు. ముందు తీపి, వెంటనే నాలుక మీద చురుక్కుమనే గ్యాసు, ఆ వెనక లేత పులుపు. అదే లొట్టిని మధ్యాహ్నం మళ్లీ రుచి చూడు: తీపి తగ్గి, మత్తు పెరిగి, దవడలు లాగుతాయి. మర్నాటికి సిర్కా వాసన కొడుతుంది. ఈ మూడు మెట్లూ గుర్తుపట్టే నాలుకకు సైజాన్‌లో ఏది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చెట్టు తేడా కూడా ఉంది. చలికాలపు ఈత కల్లు, ఆ తర్వాత మగ తాటి నుంచి వచ్చే పోతుతాడు, ఎండల్లో ఆడ తాటి పండుతాడు, దేని రుచి దానిదే. నాకు పోతుతాడే ఇష్టం.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఊరూ పేరూ తెలియని కాంపౌండ్ కల్లును రుచి పరీక్షకని కూడా నోట పెట్టకు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లును నాలుక పసిగడుతుందన్న నమ్మకం లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గీసిన చెట్టు, గీసిన గౌడన్న తెలిసినచోటే తాగు. సాయంత్రానికి కూడా పొద్దుటి తీపే ఉంటే దాన్ని నమ్మకు.

శివరాత్రికి ముక్తీశ్వరుడి జాతర రద్దీ ఉంటుంది, అది తగ్గాక రా. పోతుతాడు పారుతూ ఉంటుంది. కారం తినకుండా, సెంటు పూసుకోకుండా రా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే లొట్టిలోంచి రెండేసి గుక్కలు, అంతకు మించి వద్దు. ప్రతిసారీ నా మాట వినకముందే నీకు తోచింది రాయి. తర్వాత ఇద్దరం సరిచూసుకుందాం.

నీ మామ