ధర వార్త, దాని వయస్సు

వ్యాపారానికి పెట్టుబడి ఎంత అవసరమో, ధర సమాచారమూ అంతే అవసరం. పత్తికీ, వేరుశనగకూ పేరుపొందిన ఆదోనిలోనూ, చేనేతకు పేరుపొందిన ఎమ్మిగనూరులోనూ ఈ మాటను ఎవరికీ వివరించనక్కరలేదు. అయితే చేతికందిన ధర ఏ క్షణానిది, ఏ నిర్ణయానికి తగినది అన్నది తరచు ఆలోచించని ప్రశ్న. దానిని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ధర సమాచారం మూడు విధాలు. బేరం జరుగుతుండగానే అందేది తత్కాల సమాచారం. కొంత వ్యవధి తరువాత అందేది ఆలస్య సమాచారం. ఏండ్ల తరబడి కూడబెట్టినది చారిత్రక సమాచారం. స్టాక్ ఎక్స్చేంజీలు వీటిని వేర్వేరు సరకులుగానే లెక్కిస్తాయి. తత్కాల ధరకు రుసుము ఎక్కువ. తరచు 15 నిమిషాలు ఆలస్యమయ్యే ధర చౌకగానో ఉచితంగానో లభిస్తుంది.

ఈ భేదం ప్రాచీనమైనదే. 1870లో సముద్రగర్భ తంతి బొంబాయికి చేరిన తరువాత లివర్‌పూల్ పత్తి ధర అక్కడి వర్తకులకు గంటలలో అందసాగింది. 1871లో బొంబాయి–మద్రాసు రైలుమార్గం కలిసింది. ఆదోని ఆ మార్గం మీదనే ఉన్నది. నాటి నుండి నేటి వరకు వార్త ముందుగా అందినవానిదే పైచేయి. ఆలస్యంగా అందేవాడు సాధారణంగా రైతు.

నేడు కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ ఏ రోజు ఏ యార్డుకు ఎంత సరకు వచ్చినదో, కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరకు పలికిన ధర ఏదో ఉచితంగా తెలుపుతున్నది. ఇది ఆలస్య సమాచారమే. అయినా సరకును ఏ యార్డుకు తోలాలో నిర్ణయించడానికి నిన్నటి ధర చాలును. వేలం ముందు నిలబడినప్పుడు మాత్రం అది చాలదు.

చారిత్రక ధరను చదవడంలో మరింత జాగ్రత్త కావాలి. ఒక ఊహా ఉదాహరణ చూతము. ఒకనాడు 1,000 క్వింటాళ్లు రూ. 7,000 చొప్పున, మరునాడు 100 క్వింటాళ్లు రూ. 7,600 చొప్పున అమ్ముడుపోయినవి. రెండు ధరల సగటు రూ. 7,300. సరకు పరిమాణాన్ని కూడా లెక్కిస్తే నిజమైన సగటు సుమారు రూ. 7,055 మాత్రమే. క్వింటాలుకు రూ. 245 తేడా! పైగా పింజ పొడవు, తేమ శాతం తెలియక రెండు ధరలను పోల్చడం తగదు. 2022లో పత్తి క్వింటాలు రూ. 10,000 దాటింది. ఆ ఒక్క ఏటిని చూసి విత్తినవాడు, 2024–25లో పొడవు పింజకు ప్రకటించిన మద్దతు ధర రూ. 7,521 అని గమనిస్తే తన అంచనాను సవరించుకొనగలడు. ఒక సంవత్సరం చరిత్ర కాదు.

నూలు కొనే నేతగానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 1938లో ఎమ్మిగనూరులో వెలసిన నేతగాండ్ర సహకార సంఘం చాటిన నీతి ఒక్కటే: ఒంటరిగా చేయలేనిదానిని కలిసి చేయవచ్చును. సమాచార సేకరణ కూడా అట్టి పనియే.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి. గ్రంథాలయంలో ఒక ధరల రిజిస్టరు నెలకొల్పాలి. తేదీ, రకం, వచ్చిన సరకు, ధర అనే నాలుగు గడులు చాలును. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు దానిని ప్రతిదినం తెలుగులోనూ, ఉర్దూలోనూ నింపాలి. మన విద్యార్థులలో అనేకులు రైతుల, కూలీల, చిరువర్తకుల బిడ్డలు. వారు ఇంటికి మోసుకొని వెళ్లే ధర వార్తకు దాని వయస్సు కూడా తోడైతే, ఆ ఇంటి బేరం కొంతైనా నిటారుగా నిలుస్తుందని మా విశ్వాసం.