ఇల్లు చేతులు మారాక: అమ్మినవారి హక్కు, కొన్నవారి హక్కు

ఇల్లు కొనటం చాలా కుటుంబాల్లో జీవితంలో ఒక్కసారే జరిగే పని. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, ఇంటావిడ నగలు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బు అన్నీ అందులోనే పోస్తారు. తీరా తాళంచెవి చేతికొచ్చాక కొందరికి పాత యజమానితో పేచీ మొదలవుతుంది. సింహాచలం కొండ దిగువన పెరట్లో పనస చెట్టున్న ఇల్లు కొన్నారనుకోండి. ఆ చెట్టు నేను నాటిందేనంటూ అమ్మినాయన ఏటా కాయలకు వస్తాడు. మరొకరు నెలలో ఖాళీ చేస్తామని చెప్పి ఏడాది గడుపుతారు. ఇంకొకరు వెనుక గదిలో సామాను వదిలి తాళం వేసుకుపోతారు. ధరలు పెరిగాక వారసులు వచ్చి ఇంకొంత సొమ్ము అడుగుతారు. ఇలాంటప్పుడు విశ్వాసి ఏం చేయాలి?

బంగారు కుండ

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పూర్వకాలపు ఇద్దరు మనుషుల సంగతి వివరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఇది వచ్చింది. ఒకతను మరొకతని దగ్గర భూమి కొన్నాడు. అందులో బంగారం నిండిన కుండ దొరికింది. తాను కొన్నది భూమినే గాని బంగారాన్ని కాదంటూ అమ్మినవానికి ఇవ్వబోయాడు. భూమిని అందులో ఉన్నదానితో సహా అమ్మేశానంటూ అతను తీసుకోలేదు. చివరికి ఇద్దరూ ఒక పెద్దమనిషి దగ్గరకు వెళ్లారు. ఒకరికి కొడుకు, ఇంకొకరికి కూతురు ఉన్నారని తెలుసుకుని, వారిద్దరికీ పెళ్లి చేసి ఆ సొమ్ము వారిపై ఖర్చుపెట్టి, దానధర్మాలు చేయమని ఆయన తీర్పు చెప్పాడు.

గమనించండి, అక్కడ కూడా తగాదా వచ్చింది. కాని అది నాకు వద్దంటే నాకు వద్దనే తగాదా. మన తగాదాలు నాదంటే నాదని వస్తున్నాయి. కాబట్టి ఏది ఎవరిదో ముందు తెలుసుకోవాలి.

ఏది ఎవరిది?

హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన ‘హిదాయా’ గ్రంథం ప్రకారం, ఇల్లు అమ్మితే పేరుపేరునా చెప్పకపోయినా కట్టడం అమ్మకంలో చేరుతుంది. స్థలం అమ్మితే అందులోని చెట్లూ చేరతాయి. తలుపుకు బిగించిన తాళం, దాని చెవి కూడా కొన్నవారివే. అమ్మకం నాటికి చెట్టుపై ఉన్న కాయలు మాత్రం, కొన్నవారు ముందే షరతు పెట్టుకోకపోతే, అమ్మినవారివి. ఆయన వాటిని కోసుకుని చెట్టును అప్పగించాలి. మరుసటి ఏడాది కాయలపై ఆయనకు హక్కు లేదు. అయినా పాత యజమాని ఇంటికి రెండు పనసకాయలు పంపితే అది ఇహ్సాన్, దానికి పుణ్యముంది. అడగకుండా గేటు తీసుకుని లోపలికి రావటం మాత్రం తగదు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి, సలాం లేకుండా ప్రవేశించవద్దని దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 27వ ఆయతు బోధిస్తుంది. నిన్నటిదాకా అది ఆయన ఇల్లే అయినా, నేడు అది ఇతరుల ఇల్లు.

పాత బకాయిల విషయంలో దేశ చట్టమూ స్పష్టంగానే ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మకం తేదీ వరకు ఉన్న ప్రభుత్వ పన్నులు అమ్మినవారే కట్టాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది.

ఖాళీ చేయకపోతే?

హజ్రత్ జాబిర్ (రజి) ఒక ప్రయాణంలో తన ఒంటెను దైవప్రవక్త (స)కు అమ్మారు. మదీనా చేరేదాకా దానిపైనే వస్తానన్నారు. ఆయన (స) ఒప్పుకున్నారు. మదీనా చేరాక వెల చెల్లించి, ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు. అమ్మినవారికి కొంత వెసులుబాటు ఇవ్వటం సున్నత్‌కు దగ్గరి పని అని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే అమ్మినవారు ఫలానా కాలం అందులోనే ఉంటారనే షరతును అమ్మకంలోనే కలిపితే ఆ బేరం ఫాసిద్ అవుతుందని హనఫీ ఉలమా అంటారు. కాబట్టి ముందు అమ్మకం పూర్తి చేసుకోండి. ఆ తర్వాత ఉచితంగానో, అద్దెకో ఉండనివ్వండి. దానికి వేరే కాగితం రాసుకుని తేదీ వేయించండి. రాతకోతలను, సాక్షులను గురించి బఖరా సూరా 282వ ఆయతు ఎంత వివరంగా చెప్పిందో మనకు తెలిసిందే. కాగితం అడగటం అనుమానించటం కాదు, స్నేహాన్ని కాపాడుకోవటం.

దాచిన లోపం

కొన్నాక గోడ చెమ్మో, కప్పు కారటమో బయటపడితే? లోపం దాచి అమ్మిన బేరంలో బర్కత్ పోతుందని హదీసు హెచ్చరిస్తుంది. కొన్నవారికి ‘ఖియారె ఐబ్’ అనే హక్కు ఉంది. ఇల్లు తిరిగి ఇచ్చి సొమ్ము పుచ్చుకోవచ్చు, లేదా పూర్తి వెలకే ఉంచుకోవచ్చు. ఇద్దరూ రాజీపడి కొంత తగ్గించుకోవచ్చు. కాని లోపం తెలిశాక కూడా సొంత ఇంటిలా వాడుకుంటూ పోతే ఒప్పుకున్నట్టే అవుతుంది. అందుకే వెంటనే చెప్పాలి.

సంతకానికి వెల

సింహాచలం చుట్టూ ఇంకో పెద్ద చిక్కు ఉంది. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి అనే పంచగ్రామాల భూములపై దేవస్థానానికీ నివాసులకూ దశాబ్దాలుగా వివాదం నడిచింది. 12 వేలకు పైగా నిర్మాణాలను క్రమబద్ధీకరించి, దేవస్థానానికి వేరేచోట భూమి ఇచ్చే ప్రతిపాదనను 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. దేవాలయ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ నిషేధిత జాబితాలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ లేని చోట కొన్నవారి చేతిలో మిగిలేది ఒప్పంద పత్రమే. చట్టం దృష్టిలో అది యాజమాన్యం కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

ఇక్కడే పాత యజమానికి ఆశ పుడుతుంది. రేపు రిజిస్ట్రేషన్ తెరుచుకుంటే సంతకానికి మళ్లీ సొమ్ము అడుగుతాడు. మాయిదా సూరా మొదటి ఆయతు ఒప్పందాలను నెరవేర్చమని ఆజ్ఞాపించింది. వెల మొత్తం పుచ్చుకున్నవారు సంతకాన్ని మళ్లీ అమ్ముకోవటం అధర్మంగా సొమ్ము తినటమే. తండ్రి మాట ఇచ్చి పోతే, ఆ మాట తీర్చటం వారసుల బాధ్యత. అమ్మింది తనది కాదని తేలితే వెల తిరిగి ఇవ్వాల్సిందే. ఈ పూచీని ఫిఖహ్‌లో ‘జమానె దరక్’ అంటారు. మనవైపూ ఒక మాట: ఆ భూమి గుడిదైనా, మసీదుదైనా, పొరుగువారిదైనా, జానెడు ఆక్రమించినా ప్రళయదినాన ఏడు భూములు మెడకు చుట్టబడతాయని హదీసులో ఉంది. కాబట్టి కొనకముందే ఈసీ, లింకు పత్రాలు, నిషేధిత జాబితా చూసుకోవాలి.

తగాదా తీర్చుకునే పద్ధతి

పాత యజమాని వదిలిన సామాను మన చేతిలో అమానత్. వీధిలో పారేయకూడదు, అమ్ముకోకూడదు. సాక్షుల ముందు గడువు చెప్పి తీసుకుపొమ్మనాలి. ఆయన ముస్లిమైనా, హిందువైనా న్యాయం ఒక్కటే. ఎవరిపై కోపమూ మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని మాయిదా సూరా 8వ ఆయతు చెబుతుంది. చెడును మంచితో ఎదుర్కొంటే శత్రువు కూడా ఆప్తుడవుతాడని ఫుస్సిలత్ సూరా 34వ ఆయతు ఆశ చూపుతుంది.

అయితే సహనమంటే హక్కు వదులుకోవటం కాదు. హక్కుదారుకు మాట్లాడే అధికారం ఉందని దైవప్రవక్త (స) అన్నారు. ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడండి. కుదరకపోతే ఇద్దరికీ నచ్చిన పెద్దలను పిలవండి. అప్పటికీ తెగకపోతే లోక్ అదాలత్, ఆ తర్వాత న్యాయస్థానం ఉన్నాయి. కాని వాదనా నేర్పుతో ఇతరుల హక్కు గెలుచుకుంటే, అది నరకాగ్ని ముక్క అన్న హెచ్చరిక మరువకండి.

ఒకరి నిట్టూర్పు మీద కాకుండా, ఇద్దరి సంతృప్తి మీద నిలిచే ఇళ్లను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.