ఢిల్లీ – గువాహటి: వెళ్ళే గాలి, వచ్చే గాలి

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో మనం అడిగే మొదటి ప్రశ్న "అది ఎంత దూరం?" అనే కదా. ఢిల్లీ నుంచి గువాహటికి బదిలీ అయినప్పుడు నేనూ అదే అడిగాను. "ఏ దూరం చెప్పమంటావు? రైలుదా, విమానానిదా?" అన్నారు నాన్నగారు.

గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య దారం బిగించి కొలిస్తే సుమారు 1,460 కిలోమీటర్లు. ఆ దారం నేపాల్ దక్షిణ భాగం మీదుగా పోతుంది. రైలు అలా పోలేదు. గంగా మైదానం దాటి, నేపాల్‌కూ బంగ్లాదేశ్‌కూ మధ్యనున్న సన్నని సిలిగురి ప్రాంతం గుండా తిరిగి వెళ్ళాలి. అందుకే రైలు దూరం సుమారు 1,900 కిలోమీటర్లు.

శీతాకాలం సెలవుల్లో ఢిల్లీ వెళ్ళి వచ్చాం. గువాహటి నుంచి ఢిల్లీకి పట్టిన సమయం కన్నా తిరిగి రావడానికి తక్కువ పట్టింది. దూరం ఒకటే కదా, ఎందుకిలా?

భూమి పడమర నుంచి తూర్పుకు తిరగడమే కారణం అనుకున్నాను. కానీ అలాగైతే గువాహటి మన ముందు నుంచి జరిగిపోవాలి, ప్రయాణం ఇంకా ఆలస్యం కావాలి! మా సైన్సు మాస్టారు నవ్వి, "కదిలే రైల్లో బంతి పైకి ఎగరేస్తే నీ చేతిలోనే పడుతుంది కదా. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది" అన్నారు.

అసలు కారణం జెట్ ప్రవాహం. శీతాకాలంలో హిమాలయాలకు దక్షిణంగా, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. వేసవిలో అది హిమాలయాలకు ఉత్తరంగా జరుగుతుంది.

లెక్క చేసి చూద్దాం. విమాన వేగం గంటకు 800 కి.మీ., గాలి వేగం 100 కి.మీ. అనుకోండి.

తూర్పుకు: 1,460 ÷ (800 + 100) = సుమారు 97 నిమిషాలు.
పడమటికి: 1,460 ÷ (800 – 100) = సుమారు 125 నిమిషాలు.

తేడా 28 నిమిషాలు! రన్‌వే మీద నడిచే సమయం, పైకి లేచి కిందికి దిగే సమయం దీనికి అదనం.

ఇంకో విశేషం చూడండి. రానూపోనూ కలిపితే 222 నిమిషాలు. గాలే లేకపోతే 219 నిమిషాలే. గాలి ఇచ్చిన దానికన్నా తీసుకున్నదే ఎక్కువ! ఎందుకంటే ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం.

గువాహటిలో దిగాక గడియారం మార్చక్కరలేదు, దేశమంతా ఒకే సమయం. కానీ సూర్యుడికి ఆ నియమం లేదు. రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా దాదాపు 14½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 58 నిమిషాలు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది.

సాయంత్రం ఐదుకు ఢిల్లీలోని నా స్నేహితుడికి ఫోన్ చేస్తే, "ఉండరా, ఇంకా ఒక ఓవర్ మిగిలింది" అంటాడు. మా కిటికీ బయట అప్పటికే చీకటి. మేమిద్దరం ఎంత దూరమయ్యామో కిలోమీటర్లలో కన్నా నాకు అప్పుడే బాగా తెలుస్తుంది.

మీరు కొత్త ఊరికి వెళ్ళినప్పుడు పాత ఊరి రేఖాంశం చూసి ఈ లెక్క చేయండి. అక్కడి మిత్రుడి సూర్యుడు మీ సూర్యుడికి ఎన్ని నిమిషాలు ముందో వెనకో తెలుస్తుంది.